పాస్‌వర్డ్ కరెక్టే, అయినా బయటికే ఎందుకు పంపుతుంది?

మన హాస్టల్లో ట్యూటర్ సార్ గదికి ఆనుకొని ఉన్న చిన్న గదిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయని ఇప్పుడున్న తమ్ముళ్లందరికీ తెలుసు. పూర్వ విద్యార్థి అన్నలకు మాత్రం ఆ గది బియ్యం బస్తాల గదిగానే గుర్తుండి ఉంటుంది. ఇప్పటికీ వానాకాలంలో అక్కడ బియ్యం వాసన వస్తుంది. ఆ రెండింటిలో కిటికీ వైపున్న కంప్యూటర్ గురించే ఈ వ్యాసం. కంప్యూటర్ గురించి అని పేజీ తిప్పేయకండి. ఇది ఎప్పుడో ఒకప్పుడు మీకూ ఎదురయ్యే సమస్యే.

2024 డిసెంబరు. నేను ఎం.సి.ఏ. మొదటి సంవత్సరంలో ఉన్నాను. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారాలు నింపే రోజులు. అందరి కుల, ఆదాయ సర్టిఫికెట్లూ స్కాన్ చేసి ఆ కంప్యూటర్లోనే పెట్టుకున్నాం. మా రూమ్‌మేట్ ఎనభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు కూడా అందులోనే ఉంది. ఇంకోచోట కాపీ లేదు. ఆ రోజు సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు కంప్యూటర్ ఆన్ చేస్తే మామూలుగానే పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడింది. మళ్లీ అదే పాస్‌వర్డ్ తెర! మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. పది మంది పదిసార్లు కొట్టి చూశాం. తప్పు అని చెప్పదు, లోపలికీ రానివ్వదు.

ముందు రోజు రాత్రి ఆ కంప్యూటర్ ముందు చివరగా కూర్చున్నది ఒక ఫస్టియర్ తమ్ముడు. తండా నుంచి వచ్చాడు. మన హాస్టల్‌కు వచ్చాకే మొదటిసారి మౌస్ పట్టుకున్నాడు. ఇక చూడండి, అందరి వేళ్లూ వాడి మీదకే. “వాడే ఏదో నొక్కిండు”, “పాస్‌వర్డ్ మార్చిండు”, “వైరస్ ఎక్కించిండు.” వాడు “అన్నా, నేనేం జెయ్యలే” అని ఒకటే మాట. నేను కూడా అందరి ముందు “నువ్వు కాకపోతే ఇంకెవరు?” అన్నాను. ఆ మాట ఎందుకు రాస్తున్నానో చివరికి తెలుస్తుంది. వార్డెన్ సార్ నెల రోజులు ఆ గదిలోకి రావద్దని వాడికి చెప్పారు. ఆ రాత్రి వాడు మెస్‌లో అన్నం తినలేదు.

మర్నాడు బజారులో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాం. ఆయన రెండు నిమిషాలు చూసి, “ఫార్మాట్ కొట్టాలె, ఐదు వందలు, డేటా మీద గ్యారంటీ లేదు” అన్నాడు. రూమ్‌మేట్ ముఖం చూసి సీపీయూను మళ్లీ ఆటోలో వేసుకొని వచ్చేశాను. ధైర్యంతో కాదు, వేరే దారి లేక.

అసలు విషయానికి వద్దాం. లాగిన్ అంటే ఒకే పని అని మనం అనుకుంటాం. నిజానికి అది రెండు పనులు. నువ్వు చెప్పుకుంటున్న మనిషివి నువ్వేనా అని చూడటం మొదటిది. అవును అని తేలాక నీకు ఒక చోటు తయారుచేసి, కుర్చీ బల్ల వేసి కూర్చోబెట్టడం రెండోది. మా బాపుకు దీన్ని ఫోన్లో ఇలా చెప్పాను: రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడతాం. వేలిముద్ర కలిసింది. కానీ లోపల బియ్యం అయిపోయాయి. అప్పుడు ఖాళీ సంచితో తిరిగి వస్తాం. వేలు తప్పా? కాదు. “అయితే ఎన్నిసార్లు వేలు పెట్టినా లాభం లేదన్నట్టు” అన్నాడు బాపు. అంతే! మేం పదిసార్లు పాస్‌వర్డ్ కొట్టింది అలాంటి పనే.

కాబట్టి మొదట గమనించాల్సింది తెర ఏమంటోంది అని. పాస్‌వర్డ్ తప్పయితే తప్పు అని మాటల్లో చెబుతుంది. అలా చెప్పకుండా, తెర నల్లబడి లేదా ఒకసారి వెలిగి వెనక్కి వస్తే మొదటి పని అయిపోయింది, రెండోది చెడింది అని అర్థం. కంప్యూటర్ మనల్ని గెంటేయలేదు. మన కోసం మొదలుపెట్టిన సెషన్ పుట్టీ పుట్టగానే చనిపోయింది. సెషన్ ముగిస్తే పాస్‌వర్డ్ తెర చూపించడం దాని ధర్మం. మనం కావాలని లాగౌట్ అయినా, సెషన్ దానంతట అదే కూలిపోయినా దానికి రెండూ ఒకటే.

మన కంప్యూటర్లో ఉన్నది లినక్స్ మింట్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పాత మిషన్ల మీద ఎక్కదు. మన లాంటి చోట్ల లినక్స్ ఇంకా పెరుగుతుంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. ఇంగ్లీషు కమాండ్లను తెలుగులోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, ప్రత్యేకంగా చెబితే తప్ప, అన్నీ చిన్న అక్షరాలే.

ఆ రాత్రి మన హాస్టల్ పూర్వ విద్యార్థి అన్న ఒకాయనకు ఫోన్ చేశాను. హైదరాబాదులో సర్వర్ల పని చేస్తారు. నేను కథంతా చెప్పాక ఆయన అడిగినవి రెండే మాటలు. “డిస్క్ నిండిందేమో చూసినవా? బొమ్మల తెర పక్కకు పెట్టి నల్ల తెర మీద లాగిన్ అయి చూసినవా?” రెండూ చూడలేదు.

నల్ల తెర అంటే ఏమిటో చెబుతాను. లినక్స్‌లో బొమ్మలు, మౌస్ ఉన్న తెర ఒకటే కాదు, దాని వెనుక ఉత్త అక్షరాల తెరలు కూడా సిద్ధంగా ఉంటాయి. పాస్‌వర్డ్ తెర మీద ఉన్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే అది వస్తుంది. యూజర్ పేరు కొట్టి ఎంటర్, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్కడ చుక్కలు కూడా కనబడవు. కీబోర్డు చెడిపోయిందని భయపడొద్దు, అది లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. మింట్‌లో మళ్లీ బొమ్మల తెరకు రావాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7.

కొట్టాను. లోపలికి వెళ్లింది! అంటే పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. తమ్ముడి మీద వేసిన మొదటి నింద అక్కడికక్కడే పోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, నా ధ్యాసంతా ప్రాజెక్టు రిపోర్టు మీదే.

తర్వాత అన్న చెప్పిన కమాండ్: డి, ఎఫ్, ఒక ఖాళీ, హైఫన్, హెచ్. ఇది డిస్క్‌లో ఎంత నిండింది, ఎంత మిగిలింది అని చూపిస్తుంది. కుడివైపు చివరన ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరుసను చూడాలి, అదే ప్రధాన డిస్క్. మాది 146 జీబీ. వాడకం 100 శాతం. మిగిలింది సున్నా.

డిస్క్ నిండితే లాగిన్ ఎందుకు ఆగాలి? నాకు కూడా ఇదే అనుమానం వచ్చింది. సెషన్ మొదలవుతూనే మన ఇంటి ఫోల్డర్లో చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి. అందులో ఒకటి ఎక్స్‌అథారిటీ అనే ఫైలు. ఈ తెర మీద బొమ్మ గీసే హక్కు ఈ యూజర్‌కు ఉంది అని చూపించే గేటు పాస్ లాంటిది. డిస్క్‌లో చోటు లేకపోతే ఆ పాస్ రాయడానికి కాగితమే లేనట్టు. పాస్ లేదు, తెర లేదు, సెషన్ ముగిసింది.

మరి డిస్క్ పూర్తిగా నిండితే పాస్‌వర్డ్ తెర మాత్రం ఎలా వస్తోంది? ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 అనే పద్ధతిలో డిస్క్ తయారుచేసేటప్పుడే 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టేస్తుంది. రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. మనకు చోటు అయిపోయినా రూట్‌కు ఇంకా కొంత ఉంటుంది. పాస్‌వర్డ్ తెరను నడిపే ప్రోగ్రాం రూట్ పేరు మీద నడుస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మనం మామూలు యూజర్లం కాబట్టి మనకే ఇబ్బంది. మెస్‌లో అందరికీ కూర అయిపోయినా గిన్నె అడుగున వంటమనిషి కోసం ఒక గరిటె మిగుల్చుకున్నట్టు. మన వంట అక్క ఇది చదివితే కోప్పడకూడదు. ఆ గరిటె వల్లనే మర్నాడు వంట నడుస్తుంది. ఇక్కడ కూడా ఆ 5 శాతం వల్లనే నేను నల్ల తెర మీద బాగుచేసే పని చేయగలిగాను.

ఇప్పుడు ప్రశ్న: 146 జీబీని ఎవరు నింపారు?

తమ్ముడిని పిలిపించి అడిగాను. పెన్‌డ్రైవ్‌లోంచి మూడు పాఠాల వీడియోలు ఎక్కించానని ఒప్పుకున్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు. చూస్తే మూడూ కలిపి 300 ఎంబీ కూడా లేవు. మరి మిగతాది? సుడో అని రాసి, ఖాళీ, డి, యు, ఖాళీ, హైఫన్, ఎస్, హెచ్, ఖాళీ, ఏటవాలు గీత, నక్షత్రం గుర్తు కొట్టాను. ఏ ఫోల్డర్ ఎంత ఉందో చెబుతుంది. సుడో అని ముందు పెడితే ఆ పని రూట్ అధికారంతో జరుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒకట్రెండు ఫిర్యాదు లైన్లు వచ్చాయి, వాటిని పట్టించుకోలేదు. వరుసలో టైమ్‌షిఫ్ట్ అనే ఫోల్డర్ కనిపించింది. మన ఫైళ్లన్నీ ఉన్న హోమ్ ఫోల్డర్ కంటే పెద్దది.

టైమ్‌షిఫ్ట్ అంటే మింట్‌తో పాటు వచ్చే ప్రోగ్రాం. సిస్టమ్ చెడిపోతే నిన్నటి స్థితికి తీసుకెళ్లడానికి స్నాప్‌షాట్లు తీసి పెడుతుంది. మంచి ప్రోగ్రాం. మొదటి స్నాప్‌షాట్ పూర్తి కాపీ, ఆ తర్వాతివి మారిన ఫైళ్లు మాత్రమే. మామూలుగా అది మన సొంత ఫైళ్ల జోలికి రాదు, సిస్టమ్ ఫైళ్లనే చూసుకుంటుంది. కానీ ఎవరైనా సెట్టింగుల్లోకి వెళ్లి హోమ్ ఫోల్డర్ కూడా కలపమని టిక్కు పెడితే అన్నిటినీ మోస్తుంది. రోజూ తీయమంటే రోజూ తీస్తుంది. అదే డిస్క్‌లో పెట్టమంటే అదే డిస్క్‌లో పెడుతుంది. ఆ టిక్కు పెట్టింది, రోజూ తీయమన్నది, అదే డిస్క్‌లో పెట్టమన్నది నేనే. రెండు వారాల క్రితం, “అన్నల సర్టిఫికెట్లు పోకూడదు” అని పెద్ద జాగ్రత్తపరుడిలాగా!

డ్రమ్ములో నీళ్లు అంచు దాకా నింపింది నేను. ఆఖరి చెంబు పోసింది వాడు. పొర్లింది వాడి చెంబుతోనే కాబట్టి అందరం వాడినే పట్టుకున్నాం.

తీసేసే పద్ధతి ఇది. సుడో, టైమ్‌షిఫ్ట్, హైఫన్ హైఫన్ లిస్ట్ అని కొడితే తేదీలతో సహా స్నాప్‌షాట్ల జాబితా వస్తుంది. లిస్ట్ బదులు డిలీట్ అని కొడితే ఏది తీయాలో అడుగుతుంది, నంబరు ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌ను మనమే నేరుగా తుడిచేయడం మంచిది కాదు, ప్రోగ్రాంతోనే తీయించాలి. పాత వాటి నుంచి మొదలుపెట్టాం. ఒకటి రెండు తీస్తే పెద్దగా చోటు రాలేదు. ఎందుకంటే మారని ఫైళ్లను స్నాప్‌షాట్లన్నీ పంచుకుంటాయి, చివరిది పోయేదాకా ఆ చోటు ఖాళీ కాదు. అన్నీ పోయాక మళ్లీ చూస్తే వాడకం 46 శాతం. సుడో రీబూట్ అని కొట్టాం. పాస్‌వర్డ్ కొట్టాం. తెర నల్లబడింది, అందరం ఊపిరి బిగబట్టాం. డెస్క్‌టాప్ వచ్చింది. ఎనభై పేజీలూ ఉన్నాయి. రూమ్‌మేట్ అప్పటికప్పుడే మెయిల్‌కు పంపుకున్నాడు, రెండు మెయిళ్లకు!

మీకు టైమ్‌షిఫ్ట్ కాకపోవచ్చు. డిస్క్ నిండిన చోట ముందుగా భయం లేకుండా తీయగలిగినవి ఇంకా ఉన్నాయి. సుడో, ఆప్ట్, క్లీన్ అని కొడితే ఇన్‌స్టాల్ అయిపోయిన సాఫ్ట్‌వేర్ల ప్యాకేజీ ఫైళ్లు పోతాయి. ఆప్ట్ స్పెల్లింగు ఏ, పి, టి. సిస్టమ్ రాసుకునే లాగ్‌లు పెరిగిపోతే సుడో, జర్నల్‌సిటిఎల్, హైఫన్ హైఫన్ వ్యాక్యూమ్ హైఫన్ సైజ్, సమానం గుర్తు, 100, పెద్ద ఎమ్. దాంతో పాత లాగ్‌లు పోయి 100 ఎంబీ దగ్గరకు వస్తాయి. లోపలికి రావడానికి కొంత చోటు దొరికితే చాలు, మిగతాది లోపలికి వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు.

డిస్క్‌లో చోటు ఉండి కూడా ఇలాగే బయటికి పంపుతోందా? అప్పుడు ఆ గేటు పాస్ ఫైలునే అనుమానించాలి. ఎల్, ఎస్, ఖాళీ, హైఫన్, ఎల్, ఖాళీ, ఆ తర్వాత ఒక చుక్క, పెద్ద ఎక్స్, మిగతా అక్షరాలు చిన్నవి. ఫైలు ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. మీ యూజర్ పేరు ఉండాల్సిన చోట రూట్ అని ఉంటే దొరికింది దొంగ. ఎవరో రూట్ అధికారంతో బొమ్మల తెరకు సంబంధించిన పని ఏదో చేసినప్పుడు ఇలా అవుతుంది. మన గేటు పాస్ మీద సంతకం ఇంకొకరిది పడినట్టు. దాన్ని తుడిచేయనక్కర్లేదు, సుడో ఎమ్‌వి తో పేరు మార్చి పక్కకు పెడితే చాలు. తర్వాతి లాగిన్‌లో కంప్యూటర్ కొత్తది తయారుచేసుకుంటుంది.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. సుడో, యాడ్‌యూజర్, ఆ తర్వాత ఏదో ఒక కొత్త పేరు. కొత్త యూజర్ తయారవుతాడు. ఆ పేరుతో లాగిన్ అయితే వెళ్తోందా? అయితే చెడింది మీ ఇంటి ఫోల్డర్లోనే. అదే ఎక్స్‌అథారిటీ, లేదంటే ప్రొఫైల్ ఫైల్లో ఎవరో ఎక్కడో చూసి అతికించిన తప్పు లైను. ఆ ఫైల్లో ఎగ్జిట్ అన్న ఒక్క మాట ఉన్నా సెషన్ అక్కడే ముగుస్తుంది. కొత్త యూజర్ కూడా వెళ్లలేకపోతే తప్పు మొత్తం సిస్టమ్‌ది: డిస్క్, గ్రాఫిక్స్ డ్రైవర్, లేదా టెంప్ ఫోల్డర్ అనుమతులు. టెంప్‌లో అందరూ రాసుకోగలగాలి. సుడో, సిహెచ్‌మోడ్, 1777, ఏటవాలు గీత, టి, ఎమ్, పి అంటే అది సరవుతుంది.

నల్ల తెర చూస్తేనే చేతులు వణికేవాళ్లకు వేరే దారి ఉంది. మింట్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ పెట్టి దాంట్లోంచే కంప్యూటర్ నడిపించవచ్చు, ఇన్‌స్టాల్ నొక్కకుండా. అప్పుడు లోపలి డిస్క్ మామూలు ఫోల్డర్‌లాగా తెరుచుకుంటుంది. ఫైళ్లన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఎవరైనా ఫార్మాట్ అన్న మాట అనగానే ముందు ఈ పని చేయండి.

విండోస్ సంగతి కూడా కొంచెం. పూర్వ విద్యార్థి అన్న ఫోన్లో ఒక కథ చెప్పారు. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత బాగుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇదే జబ్బు చాలామందికి వచ్చిందట. విండోస్‌లో పాస్‌వర్డ్ సరిపోయాక యూజర్‌ఇనిట్ అనే చిన్న ప్రోగ్రాం మొదలై డెస్క్‌టాప్‌ను లేపుతుంది. ఆ ప్రోగ్రాం ఎక్కడుందో రిజిస్ట్రీలో విన్‌లాగాన్ అనే చోట రాసి ఉంటుంది. ఒక స్పైవేర్ అక్కడ యూజర్‌ఇనిట్ పేరు కొట్టేసి తన పేరు రాసుకునేది. యాంటీ స్పైవేర్ వచ్చి ఆ దొంగ ఫైలును డిస్క్‌లోంచి తీసేసేది, రిజిస్ట్రీలో పేరు మాత్రం అలాగే వదిలేసేది. ఇక విండోస్ ఆ పేరు పట్టుకొని వెతుకుతుంది, మనిషి లేడు, వెంటనే లాగౌట్! రోగం పోయింది, మందు వల్ల కొత్త రోగం వచ్చింది. దానికి విరుగుడు ఏమిటంటే, ఎక్స్‌పీ సీడీ పెట్టి రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి, అసలు యూజర్‌ఇనిట్ ఫైలును ఆ దొంగ పేరుతో ఇంకో కాపీ చేయడం. విండోస్ దొంగను పిలుస్తుంది, దొంగ పేరు పెట్టుకున్న మంచివాడు పలుకుతాడు. లోపలికి వెళ్లాక రిజిస్ట్రీలో పేరు సరిచేసుకోవాలి. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. కానీ పాస్‌వర్డ్, ఆ తర్వాత యూజర్‌ఇనిట్, ఆ తర్వాత డెస్క్‌టాప్ అన్న వరుస విండోస్‌లో ఇప్పటికీ అదే.

మళ్లీ మన గదికి వస్తాను. స్నాప్‌షాట్ల జాబితా తెర మీద ఉన్నప్పుడు తేదీలు చదివింది తమ్ముడే. “అన్నా, ఇవన్నీ నేను సెలవులకు పోయినప్పటివి” అన్నాడు. అప్పుడు చెప్పాను, పెట్టింది నేనే అని. వాడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ప్రార్థన దగ్గర అందరి ముందు, వార్డెన్ సార్ ముందు, అదే మాట చెప్పాను. నింద వేసింది అందరి ముందే కదా. సార్ నన్ను ఒకసారి చూసి, “అయితే నెల రోజులు నువ్వు రావద్దు” అన్నారు. అందరూ నవ్వారు. నిజంగానే పదిహేను రోజులు నన్ను రానివ్వలేదు. ఆ పదిహేను రోజులు కంప్యూటర్ గది తాళంచెవి తమ్ముడి దగ్గరే ఉంది.

ఇప్పుడు స్నాప్‌షాట్లు వారానికి ఒకటే, రెండు మాత్రమే దాస్తుంది, హోమ్ ఫోల్డర్ లేకుండా. సర్టిఫికెట్లు వేరే పెన్‌డ్రైవ్‌లో ట్యూటర్ సార్ బీరువాలో ఉన్నాయి. అదే డిస్క్‌లో దాచుకున్న కాపీ ఆ డిస్క్ పోతే దాంతోనే పోతుందని అప్పుడు నాకు తట్టలేదు. కంప్యూటర్ పక్కన దారంతో కట్టిన ఒక నోట్‌బుక్ ఉంది. నెలకోసారి తమ్ముడు డిఎఫ్ కొట్టి తేదీ, శాతం రాస్తాడు. ఈ వ్యాసం ఇచ్చే ముందు వెళ్లి చూశాను. ఆఖరి లైను 58 శాతం. కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది: “సినిమాలు ఎక్కించినవాళ్లు ఆదివారం లోపు తీయాలి.”